సంగపోళ్లు



నల్లగొండ, సూర్యాపేట, జనగామ వైపు పల్లెల్లో పాతతరం మాటల్లో ఒక పదం తరచుగా దొర్లుతుంది. సంగం. 'ఘ' కాదు, 'గ'. 'సంగపోళ్లు వచ్చిన్రు', 'వాడు సంగంల చేరిండు', 'అది సంగం నాటి ముచ్చట' అంటారు. ఆ సంగం పూర్తి పేరేమిటో, దాని వెనక ఉన్నది సంస్కరణో సోషలిజమో కమ్యూనిజమో చదువుకున్నవాళ్లు తేల్చుకోవలసిన విషయం. పల్లెకు సంగం అన్న మాట చాలింది. సంగం వచ్చాక దొర ముందు చెప్పులు వేసుకుని నడిచారా లేదా, అదీ వాళ్లు చెప్పే కథ.

ఈ ఒక్క పదం కింద ముప్పై ఏళ్లలో ఎన్ని జెండాలు మారాయో, ఎవరు ఎవరికి ఏ పేరు తగిలించారో ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

కథ మొదలైంది ఒక సంఘ సంస్కరణ సభలోనే. 1921 నవంబరు, హైదరాబాదు, వివేకవర్ధని థియేటర్. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ్ కర్వే. పునహాలో వితంతువులకు ఆశ్రమం, ఆడవాళ్లకు విశ్వవిద్యాలయం పెట్టిన మనిషి. అంతకంటె పెద్ద సంస్కర్తను ఆ రోజుల్లో వెతికి తేవడం కష్టం. ఇంగ్లీషులో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి సభలో గేలి, చప్పట్లు, అల్లరి. ఆయన ప్రసంగం సాగనివ్వలేదు. లోకాన్ని సంస్కరించడానికి కూడిన సభకు పక్కవాడి భాష వినే ఓపిక లేకపోయింది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావుగారి ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు.

గమనించండి, వాళ్లు విప్లవకారులు కారు. వకీళ్లు, పత్రికలవాళ్లు, గ్రంథాలయాలు నడిపేవాళ్లు. మాడపాటి హనుమంతరావుగారి పేరు ఆ సంఘంతో విడదీయలేనిది. రాజకీయాల జోలికి పోమని ముందే చెప్పుకున్నారు. చెప్పుకోక తప్పదు కూడా, నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి, తర్వాత గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కూడా నెత్తిన పడింది. పుస్తకాల ఊసు, బడి ఊసు, బాల్యవివాహాల ఊసు అయితే సర్కారు కొంత ఓర్చుకుంటుంది. అందుకని సంస్కరణ వాళ్లకు నమ్మకమూ అయింది, గొడుగూ అయింది. ఈ గొడుగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ సంఘమే పెరిగి 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ పెట్టుకుంది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి, నాలుగేళ్ల కిందటే గోలకొండ పత్రిక మొదలుపెట్టినవారు. పక్కనే మహిళా సభ, నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన. ఆ తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాద్. ఊరు మారేది, అధ్యక్షులు మారేవారు. తీర్మానాలు మాత్రం మర్యాదగానే ఉండేవి. సర్కారును కోరేవారు, ప్రార్థించేవారు.

ఆ ప్రార్థనల్లో ప్రతిసారీ తలెత్తే మాట ఒకటుంది, వెట్టి. ఈ తరం శ్రోతలకు దీన్ని కొంచెం విడమరచాలి. ఊరికి గిర్దావరు వస్తాడు, తహసీల్దారు వస్తాడు, పోలీసు అమీను వస్తాడు. వాళ్ల సామాను మోయడం ఒకరి వంతు, నీళ్లు తోడడం ఒకరిది, కుండలు తేవడం కుమ్మరిది, బట్టలుతకడం చాకలిది, కాళ్లు పిసకడం మంగలిది, చెప్పులు కుట్టి ఇవ్వడం మాదిగది, కల్లు ముంతలు గౌండ్లాయనవి. ఊరి కోమటి కూడా వాళ్లడిగిన సరుకు వాళ్లన్న ధరకు ఇచ్చి ఊరుకోవలసిందే. ఇది అధికారి వచ్చిన రోజు వెట్టి. అధికారి లేని రోజుల్లో గడీలో దొర ఉండనే ఉన్నాడు. దొర పొలం దున్నాకే తన పొలం, దొర పంట కోశాకే తన పంట. గడీలో దాసీలుగా బతికిన ఆడబాపల సంగతైతే చెప్పనే వద్దు.

ఇందులో తమాషా ఏమిటంటే, వెట్టి అప్పటికే కాగితం మీద కట్టడిలోనే ఉంది. నిజాం సర్కారు దాని మీద ఫర్మానాలు ఇచ్చింది. ఆంధ్ర జన సంఘం చేసిన పెద్ద పనుల్లో ఒకటి, ఆ ఉత్తర్వుల్లో ఏముందో తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచడం. అంతే. సర్కారు రాసిన మాటే సర్కారు ప్రజలకు చదివి వినిపించారు. దొరలకు అదే పెద్ద ద్రోహంగా తోచింది. చట్టాన్ని అమలుచేయమని అడగడమే అన్నిటికన్నా ప్రమాదమైన కోరికగా మారే రాజ్యాలు కొన్ని ఉంటాయి.

ఇక్కడొక పక్కదారి తొక్కనివ్వండి. అటు బ్రిటిషు ఆంధ్రంలోనూ ఇదే వరస. ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరులో వితంతు వివాహాలు చేయించినవారు, ఆడపిల్లలకు శారదా నికేతనం పెట్టినవారు, గాంధీగారి మనిషి. సహాయ నిరాకరణలో జైలుకు పోయి అక్కడ 'మాలపల్లి' నవల రాశారు. మద్రాసు సర్కారు దాన్ని తెరిచి చూసి బోల్షివిజం వాసన పట్టి నిషేధించింది. ఉన్నవవారిని ఏ కోశాన చూసినా సంస్కర్తే. కాని కూలివాడి కూలి గురించి, మాలవాడలో మనిషి గురించి అంత వివరంగా రాస్తే పోలీసు చేతిలో ఉన్న ముద్ర ఒక్కటే, అది పడిపోతుంది. చాలా ఉద్యమాలకు సోషలిస్టు అన్న పేరు మొదట పెట్టింది సోషలిస్టులు కాదు, వాళ్లకు భయపడినవాళ్లు.

అలాగని పేర్లన్నీ బయటివాళ్లు తగిలించినవే అనుకుంటే పొరపాటు. 1917లో బెజవాడలో పంచముల మహాజన సభ జరిగింది. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వెళ్లారు. పంచములు అన్న మాటే ఆయన ఒప్పుకోలేదు. నాలుగు వర్ణాల బయట ఐదోవాళ్లం కాము, ఈ నేల మీద మొదటివాళ్లం అని వాదించి ఆ సభకు ఆది ఆంధ్ర మహాజన సభ అని పేరు మార్పించారు. ఆ రోజు ఆ పేరు కోసం పోట్లాట న్యాయమైనదే. తన పేరు తాను పెట్టుకోవడం కూడా సంస్కరణే. ఇంకొకరు తగిలించిన ముద్ర వేరు, తానై కట్టుకున్న పేరు వేరు. ఈ రెంటికీ తేడా తెలియకుండా 'పేరులో ఏముంది' అనేయడం పేరు వల్ల ఎన్నడూ నష్టపోనివాళ్ల మాట.

తెలంగాణలోకి తిరిగి వద్దాం. 1938 సెప్టెంబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ పుట్టకముందే నిషేధించారు. కాంగ్రెస్ అన్న పేరే సర్కారు గొంతు దిగలేదు. పేరు మార్చుకోవడం మీద బేరాలు కూడా నడిచాయి, ఫలితం లేదు. కమ్యూనిస్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక మిగిలింది ఆంధ్ర మహాసభ. గొడుగు గుర్తుంచుకోమన్నాను కదా, ఇప్పుడు దాని కిందికి గాంధీ టోపీవాళ్లూ వచ్చారు, ఎర్ర పుస్తకాలు చదివినవాళ్లూ వచ్చారు. పైకి అందరూ సంస్కర్తలే.

రావి నారాయణరెడ్డిని చూడండి. బొల్లేపల్లి భూస్వామి కుటుంబం. చదువుకునే రోజుల్లో గాంధీ ప్రభావం, హరిజన సేవక సంఘంలో పని, 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, జైలు. అక్కడ నుంచి కమ్యూనిస్టు పార్టీ. ఈ మలుపుకు కారణం పుస్తకాలే అనుకోవడం సులువు. పుస్తకాలూ ఉన్నాయి, హైదరాబాదులో మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్ల కామ్రేడ్స్ అసోసియేషన్ ఉంది, సరిహద్దు అవతల విజయవాడ నుంచి వచ్చే పార్టీ మనుషులూ ఉన్నారు. నా లెక్కలో అసలు కారణం ఇంకా సాదాది. వెట్టి ఎందుకు చేస్తున్నావని అడిగితే ఆ మనిషి ఏమంటాడు? చేయకపోతే పొలం నుంచి వెళ్లగొడతారంటాడు. పొలం ఎవరిది? తాతల నాటి నుంచి దున్నుతున్నది మేమే, కాగితం దొరది అంటాడు. కాగితం ఎవరు రాశారు? పట్వారి. పట్వారి ఎవరి మనిషి? ఈ నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి సంస్కర్త నిలబడి ఆలోచించుకోవాలి. ఇంటికి పోవచ్చు, ఐదో ప్రశ్న వేయవచ్చు. ఐదో ప్రశ్న భూమి గురించి.

మహాసభలో కొందరు ఐదో ప్రశ్న వేశారు, కొందరు వేయలేదు. 1941లో చిలుకూరు సభకు నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. 1944లో భువనగిరి సభకు మళ్లీ ఆయనే. అక్కడ మహాసభ రెండు ముక్కలైంది. మాడపాటి, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటి పెద్దలు పక్కకు తప్పుకున్నారు, మితవాదులది వేరే మహాసభ అయింది. భువనగిరి సభ సభ్యత్వ రుసుమును పేదవాడు కట్టగలిగేంతకు దించింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నాకు అదే అన్నిటికన్నా ముఖ్యమైన తీర్మానం. వకీళ్ల సంఘం ఆ రోజు పాలేర్ల సంగమైంది.

చీలికలో తప్పు ఎవరిదని నన్నడిగితే సూటిగా చెప్పలేను. మితవాదులు పిరికివాళ్లని ఎర్ర చరిత్రలు రాస్తాయి. కమ్యూనిస్టులు మహాసభను ఎగరేసుకుపోయారని ఎదుటివాళ్ల జ్ఞాపకాలు రాస్తాయి. రెంటిలోనూ కొంత నిజం ఉంది. ఇరవై ఏళ్లకు పైగా పల్లెపల్లెకూ తిరిగి గ్రంథాలయాలు, బడులు, చిన్న పుస్తకాలు ఇచ్చినవాళ్లు లేకపోతే తర్వాతివాళ్లకు నిలబడే నేల ఉండేది కాదు. తర్వాతివాళ్లు రాకపోతే ఆ తీర్మానాలు ఏటేటా ఊరు మార్చుకుంటూ అలాగే ఉండేవి.

చీలిక తర్వాత సంగం అడిగింది మొదట కొత్తదేమీ కాదు. వెట్టి ఆపమన్నారు, అక్రమ వసూళ్లు ఆపమన్నారు, రైతును పొలం నుంచి వెళ్లగొట్టవద్దన్నారు. మాడపాటివారి సంఘం ఇరవై ఏళ్ల కిందట అచ్చువేసిన విషయాలే. అడిగే గొంతు మారింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పంట పండించింది. విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. సంగపోళ్లు ఆమె పక్కన నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఐలమ్మకు సిద్ధాంతం తెలుసా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వడ్లు ఎవరి గరిసెలోకి పోవాలో ఆమెకు తెలుసు.

1946 జులై 4, కడవెండి. ఊరేగింపు మీద గడీ మనుషులు కాల్చారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు, గొర్రెల కాపరుల ఇంటి పిల్లవాడు. అక్కడ నుంచి జరిగింది మీకు తెలిసిన చరిత్రే. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది మరణం అని పార్టీ లెక్క. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య పేరుతో భారత సైన్యం వచ్చింది, నిజాం దిగిపోయాడు, పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా నడిచింది. స్వతంత్ర దేశపు సైన్యం మీద తుపాకీ ఎక్కుపెట్టడం సరైనదేనా అన్న వాదన ఆ పార్టీలోనే చల్లారలేదు, రావి నారాయణరెడ్డే ఆపాలన్న పక్షం.

ఇప్పుడు రెండో ముక్క ఏమైందో చూడండి. 1931లో దేవరకొండ మహాసభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు, ఐదో ప్రశ్న వేయకుండా తప్పుకున్నవారిలో ఒకరని చెప్పాను. పోలీసు చర్య తర్వాత ఏర్పడిన ప్రభుత్వంలో ఆయన రెవెన్యూ మంత్రి. ఆయన మంత్రి కాకముందే 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుదారుకు రక్షణ ఇవ్వడంలో ఆ రోజుల్లో దేశంలో గట్టి చట్టాల్లో అదొకటి. తుపాకీ పట్టనివాళ్ల వైపు నుంచి చట్టం వచ్చింది. తుపాకీ లేకపోతే ఆ చట్టం 1950లో వచ్చేదా అంటే, నాకు అనుమానమే. బూర్గులవారు సోషలిస్టునని చెప్పుకున్నవారు కారు. కాని కౌలుదారు చేతికి వచ్చిన కాగితం మీద ఏ వాదం పేరూ రాసి ఉండదు.

పేర్ల ఆట అక్కడితో ఆగలేదు. 1952 ఎన్నికలు వచ్చేసరికి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగలేదు. వాళ్లు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు, అంటే పీడీఎఫ్ అన్న పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లు, దేశంలో అందరికంటె ఎక్కువ, నెహ్రూగారికి వచ్చినవాటికంటె కూడా ఎక్కువ. రెండూ ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలే, ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు ఉండేవి, ఆ సంగతి లెక్కలోకి తీసుకున్నా చిన్న విజయం కాదు. ఓటువేసినవాళ్లలో పీడీఎఫ్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎంతమందో నేను చెప్పలేను. సంగం మనిషి అని తెలిసి ఉంటుంది.

ఇక ఢిల్లీ. సోషలిస్టు అన్న పేరును ఎవరు ఎప్పుడు తొడుక్కున్నారో చూస్తే నవ్వొస్తుంది. 1955 జనవరిలో మద్రాసు దగ్గర ఆవడిలో కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజం తన లక్ష్యమని తీర్మానించింది. ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలుస్తారని అందరూ అనుకున్న ఎన్నికలు. వాళ్లకు వచ్చింది 196 స్థానాల్లో 15. ఓట్లు మాత్రం నూటికి ముప్పై దాటాయి. కాంగ్రెస్ కూటమిలో అప్పుడు ఆచార్య రంగాగారు ఉన్నారు. నాలుగేళ్లకు అదే రంగాగారు స్వతంత్ర పార్టీ తొలి అధ్యక్షులై కాంగ్రెస్ సోషలిజం మీద కత్తి దూశారు. ఆవడి తీర్మానం ఒక్కటే ఎన్నిక గెలిపించిందనను. కాని అంగడిలో ఎదుటి కొట్టువాడి బోర్డు తాను కూడా కట్టుకున్నాక కొనేవాడికి ఎంచుకోవడం కష్టమవుతుంది.

రాజ్యాంగ సభలో ఈ బోర్డు సంగతి అంతకుముందే వచ్చింది. 1948 నవంబరులో కె.టి. షా సోషలిస్టు అన్న మాట చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజాన్ని ఏ రీతిలో నిర్మించుకోవాలో ఆయా కాలాల ప్రజలు తేల్చుకోవాలి, రాజ్యాంగంలో బిగించేయకూడదని ఒక వాదన. ఆదేశిక సూత్రాల్లో ఆ సారం ఉండనే ఉంది, మళ్లీ పేరెందుకన్నది రెండోది. సారం ఉంచి పేరు వదిలేశారు. 1976లో, అత్యవసర పరిస్థితిలో, 42వ సవరణతో పేరు పీఠికలోకి వచ్చింది. తెలుగులో దాన్ని సామ్యవాద అని రాసుకున్నాం. సరదా ఏమిటంటే మన పాత పుస్తకాల్లో కమ్యూనిజానికీ సామ్యవాదమే, సోషలిజానికీ సామ్యవాదమే. కొందరు సమాజవాదం అన్నారు, నిలవలేదు.

1989 నుంచి మరో విచిత్రం. ఎన్నికల సంఘం దగ్గర పార్టీ నమోదు చేసుకోవాలంటే సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం మీద విధేయత ప్రకటిస్తామని నిబంధనావళిలో రాసి ఇవ్వాలి. స్వేచ్ఛా విపణి తప్ప మరో దేవుడు లేడనే పార్టీ అయినా సరే, ఆ మాట రాసి సంతకం పెట్టాలి. పీఠికలో సోషలిస్టు, లౌకిక అన్న రెండు మాటలు తీసేయాలని వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. అంటే కాగితం మీద ఈ దేశంలో నమోదైన పార్టీలన్నీ సోషలిస్టు పార్టీలే. వెట్టి కూడా కాగితం మీద కట్టడిలోనే ఉండేదని ఇందాక చెప్పుకున్నాం.

ఒక్క ముచ్చట మిగిలింది. వరసలో అయితే ముందే రావలసింది, కావాలనే ఆపి ఉంచాను.

1951 ఏప్రిల్ 18. గాంధీగారి శిష్యుడు వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చారు. భువనగిరికి చేరువలోని ఊరే, ఏడేళ్ల కిందట మహాసభ రెండుగా చీలిన చోటికి దగ్గరే. అప్పటికి అడవుల్లో పోరాటం ఇంకా ఆగలేదు. వినోబా కమ్యూనిస్టు కాదు, సోషలిస్టునని కూడా అనుకోలేదు. ఆయన చేపట్టిన భూదానం చివరికి ఎంత భూమిని పేదల చేతికి నిజంగా చేర్చిందన్నది, రాళ్లూ రప్పలూ ఎన్ని దానమిచ్చారన్నది వేరే ప్రసంగానికి సరిపోయే కథ. కాని భూదానం అన్న మాటకు ఎంత ఆకర్షణ ఉండేదంటే, 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీని స్థాపించినవారిలో ముఖ్యుడైన జయప్రకాశ్ నారాయణ్ 1954లో బుద్ధగయలో తన జీవితాన్నే ఆ పనికి దానమిచ్చారు. నారాయణరెడ్డి సంస్కరణ నుంచి ఎర్రజెండాకు నడిచిన దారిలో జేపీ ఎదురు నడిచి వచ్చారన్నమాట.

పోచంపల్లి హరిజనవాడలో వినోబా అడిగారు, మీకేం కావాలని. అక్కడ ఉన్నవి నలభై కుటుంబాలు. ఎనభై ఎకరాలు కావాలన్నారు. నలభై తరి, అంటే మాగాణి, నలభై ఖుష్కి, అంటే మెట్ట. సర్కారును అడుగుదామా అనుకుంటూ ఆయన సభ వైపు తిరిగి, ఊళ్లోవాళ్లెవరైనా ఇవ్వగలరా అన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి వంద ఎకరాలు ఇస్తానన్నారు.

వాడవాళ్లు అడిగింది మాత్రం ఎనభై. ఇంటికి రెండెకరాలు, ఒకటి తరి, ఒకటి ఖుష్కి.